చూద్దాంలే అనకండి



పట్టాలు అందుకున్న మీలో కొందరు నర్సులు, కొందరు ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు. ఉద్యోగం ఏ ఊళ్లో వచ్చినా ఒక ప్రశ్న మీకు తప్పదు. టీకాల రోజునో, అంగన్‌వాడీ గుమ్మం దగ్గరో ఒక తల్లి పక్కకు పిలిచి అడుగుతుంది: "మేడమ్, మావాడికి రెండేళ్లు దాటాయండి. పిలిస్తే తిరగడు. మాటలు రాలేదు. ఏడుపు మొదలెడితే ఆపలేం. ఎక్కడ చూపించమంటారు?"

ఆ మాట అడగడానికి ఆమె చాలా దాటుకుని వచ్చి ఉంటుంది. మేనమామకూ మాటలు ఆలస్యమేనని అత్తగారు అని ఉంటారు. దిష్టి తీయించి ఉంటారు. పెంపకం సరిగా లేదని ఆమెనే తప్పుపట్టి ఉంటారు. మీరు కూడా "చూద్దాంలే అమ్మా, పెరిగితే అదే సర్దుకుంటుంది" అంటే, ఆమె ఇక ఎవరినీ అడగదు.

అలా అనే బదులు బిడ్డను గమనించండి. అందుకు కావలసినవి ఇక్కడే ఉన్నాయి. మనం వరాహ నది ఒడ్డున, బొమ్మల ఊరు ఏటికొప్పాకలో ఉన్నాం. అంకుడు కర్రతో, లక్కతో, సహజ రంగులతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.  పిల్లల ఎదుగుదల గమనించేవారికి ఈ బొమ్మలు పరికరాలు కూడా. వెనక నుంచి గిలక్కాయ ఆడిస్తే బిడ్డ తల తిప్పాడా? లక్కపిడతలు ముందు పెడితే ఉత్తుత్తి అన్నం వండి మీ నోటికి అందించాడా, పిడత బోర్లించి దాన్నే తిప్పుతూ కూర్చున్నాడా? బొంగరం తిరుగుతుంటే సంబరంగా అమ్మ ముఖంలోకి చూశాడా? అలాగని ఒక్కపూట ఆట చూసి ఆటిజం అని తేల్చేయకండి. ఆ పూట బిడ్డకు నిద్ర వస్తూ ఉండొచ్చు. చూసింది రాసిపెట్టండి. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీయమని తల్లికి చెప్పండి. డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది.

ఏడాది నిండేసరికి పేరు పిలిస్తే తిరగాలి. ఏడాదిన్నరకు నచ్చినదాన్ని వేలు పెట్టి చూపాలి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనాలి. వచ్చిన మాటలు పోతే, ఏ వయసులోనైనా, ఒక్క వారం కూడా ఆగొద్దు.

ముందు చెవి పరీక్ష చేయించండి. వినపడని బిడ్డను మొండివాడని కొట్టే ఇళ్లు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. అనుమానం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపాలి. ప్రత్యేక అవసరాలున్న బడి ఈడు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లోని నిపిడ్ సంస్థ 1984 నుంచి మానసిక ఎదుగుదల లోపాలున్నవారి కోసమే పనిచేస్తోంది. ఆటిజం తీవ్రతను కొలిచే 40 అంశాల భారతీయ కొలమానం అక్కడ తయారైందే.

ఎదుగుదల పరీక్ష చేయిస్తే బిడ్డ మీద ముద్ర పడుతుందని తల్లిదండ్రులు భయపడతారు. బడిలో 'అల్లరివాడు', 'మొద్దు' అన్న ముద్ర ఎలాగూ పడుతోంది కదా! పరీక్షతో ఆ బిడ్డకు ఏది కష్టమో, ఏది చేతనవునో తెలుస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ, నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులనూ 21 వైకల్యాల్లో చేర్చింది. సదరం వైకల్య ధ్రువపత్రానికీ, బడిలో రావలసిన సాయానికీ ఈ పరీక్షే ఆధారం. సమస్య పేరు తేలేదాకా మాటలు నేర్పడం, ఆడించడం ఆపనక్కర్లేదు.

ఇక్కడి నుంచి అడ్డరోడ్డులో బస్సెక్కి విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లి రావాలంటే కూలి చేసుకునే ఇంటికి ఒక రోజు కూలి పోతుంది. "పెద్దాసుపత్రికి వెళ్లండి" అన్న మాటతో మీ పని తీరిపోదు. ఏ విభాగానికి వెళ్లాలో, ఏ రోజు చూస్తారో కనుక్కుని చీటీ రాసివ్వండి. వెళ్లిన సాయంత్రం ఫోన్ చేసి అడగండి. వెళ్లలేకపోతే మరో రోజు కుదర్చండి. తండ్రిని కూడా రమ్మనండి, భారమంతా ఆ తల్లి ఒక్కతే మోయకుండా.

రేపు మీ ముందుకు వచ్చే మొదటి తల్లి నుంచే ఇది మొదలుపెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.