గొట్టముతో పది దినములు

మన ఇండ్లలో కొన్ని సంగతులు పెద్దలు పిల్లలతో చెప్పరు. పిల్లలు పెద్దలను అడుగరు. మూత్రమునకు సంబంధించిన బాధ వాటిలో ఒకటి. అరువది యేండ్లు దాటిన మగవాడు రాత్రి నాలుగైదు సార్లు లేస్తూ, వయసు మీద పడినదిలే అని ఊరకుంటాడు. ఆ మౌనము శస్త్రచికిత్సతో ముగియదు; రోగి వెంట ఇంటికి కూడ వస్తుంది. అందువలన ఈ మాటలు ఇంటిల్లిపాదీ కూర్చొని వినవలెనని నా కోరిక.

పౌరుషగ్రంథి మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, అక్రోటు కాయంత ఉంటుంది. అది పెరిగి దారికి అడ్డుపడినపుడు లోపలి భాగమును కొంత తొలగిస్తారు. కేన్సరు సోకినపుడు తరచు గ్రంథిని పూర్తిగా తీసివేసి, మూత్రాశయమును నాళముతో కలిపి కుట్టుతారు. ఆ కుట్లు మానువరకు, సాధారణముగా ఒకటి రెండు వారములు, మూత్రము ఒక మెత్తని గొట్టము ద్వారా సంచిలోనికి దిగవలసి ఉంటుంది. దానినే కాథెటర్ అంటారు. లోపలి కొసన నీటితో నింపిన చిన్న బుడగ ఉండి, గొట్టము జారిపోకుండ కాపాడుతుంది. అమెరికా వైద్యుడు ఫోలీ 1930 ప్రాంతములలో రూపొందించిన పద్ధతి ఇది.

మా నాన్నగారు ఇట్టి గొట్టముతో ఇంటికి వచ్చినారు. మొదటి రెండు దినములు ఎవరినీ పిలువలేదు, ఏమీ అడుగలేదు. ఎంత ఓర్పు అనుకొన్నాము. మూడవనాటి రాత్రి మా అమ్మగారు నన్ను లేపినారు. నాన్నగారి పొత్తికడుపు బిగిసి ఉన్నది; ఒళ్లంతా చెమటలు. సంచిలో ఉన్న కొద్దిపాటి మూత్రము కాఫీ డికాక్షను వలె ఉన్నది. గొట్టములో నెత్తురుగడ్డ అడ్డుపడినది. ఆస్పత్రిలో దానిని జాగ్రత్తగా కడిగి సరిచేసిన పిమ్మట, "నీళ్లు ఏపాటి త్రాగుతున్నారు?" అని డాక్టరుగారు అడిగినారు. నాన్నగారు తల వంచుకొన్నారు. సంచి నిండితే కొడుకు ఎత్తిపోయవలె గదా, కోడలి కంటబడుతుంది గదా అని, దినమునకు రెండు మూడు గ్లాసులకు మించి త్రాగలేదట! ఆ రాత్రి ఆయనను ఆస్పత్రికి చేర్చినది సిగ్గు.

తరువాత మేము నేర్చుకొన్నవి చెబుతాను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి త్రాగవలెను. తక్కినవారు దినమునకు రెండు లీటర్లకు తగ్గకుండ నీరు, మజ్జిగ పుచ్చుకోవలెను. సంచి ఎల్లప్పుడు మూత్రాశయము కంటె క్రిందుగా ఉండవలెను గాని నేలను తాకరాదు. సగము దాటగానే ఖాళీ చేయవలెను. గొట్టమును ముట్టుటకు ముందును వెనుకను సబ్బుతో చేతులు కడుగుకోవలెను. గొట్టము శరీరములో ప్రవేశించు చోటును దినమునకు ఒకసారియైనను సబ్బునీటితో కడిగి, ఒంటివైపు నుండి వెలుపలికి తుడువవలెను. గొట్టము మెలిపడకుండ, లాగుకొనకుండ కొంచెము వదులుగా తొడకు అంటించి ఉంచవలెను. మలబద్ధకము రానీయరాదు; బరువులెత్తరాదు; మెల్లగా నడువవచ్చును.

నడిచినపుడో, విరేచనమైనపుడో మూత్రములో లేత ఎరుపు కనిపించుట సాధారణము. అప్పుడప్పుడు మూత్రాశయము ముడుచుకొని, గొట్టము ప్రక్కగా నాలుగు చుక్కలు కారవచ్చును. అయితే ధార ఆగి కడుపు బిగిసినా, చిక్కని నెత్తురు గడ్డలుగా వచ్చినా, చలితో 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరము వచ్చినా, పిక్క వాచి నొప్పిపెట్టినా, గొట్టము జారివచ్చినా తెల్లవారుదాక ఆగరాదు. ఇంటివద్ద దానిని లాగుట గాని తిరిగి పెట్టుట గాని ఎవరును చేయరాదు, కుట్లు చెడిపోతాయి.

గొట్టము ఉన్నన్నాళ్లు పూజగదిలో అడుగు పెట్టరాదని నాన్నగారు తమకు తామే నిషేధము పెట్టుకొన్నారు. "ఒళ్లు బాగుపడడానికి పెట్టినదానికి మైలేమిటండీ?" అని మా అమ్మగారు ఒక్క మాటతో దానిని త్రోసివేసినారు. పాత పంచె చింపి సంచికి ఒక ముసుగు కుట్టినారు. ఎంత త్రాగినదీ, ఎంత వచ్చినదీ నాన్నగారే ఒక పుస్తకములో వ్రాయసాగినారు. ఖాళీ చేయుట కూడ ఆయనే నేర్చుకొన్నారు. తన పని తన చేతికి వచ్చిన నాటినుండి ఆయన ముఖము తేటపడినది. నీటి లెక్క కూడ పెరిగినది.

పదవనాడు గొట్టము తీసివేసినారు. ఆ తరువాత కొన్ని వారములు, ఒక్కొక్కరికి కొన్ని నెలలు, దగ్గినపుడు, లేచినపుడు మూత్రము కారవచ్చును. కటి కండరములను బిగించి వదలు వ్యాయామమును వైద్యుని సలహాపై చేసినకొద్దీ చాలమందికి ఇది తగ్గుతుంది. ఆ దినములలో తడిసిన పంచెను చూచి ఇంటివారు ముఖము చిట్లించిన, ఆయన మరల నీళ్లు మానివేస్తారు. మీ ఇంట ఇట్టి పెద్దవారు ఉంటే, ఈ పూట ఎన్ని గ్లాసులు త్రాగినారో మెల్లగా అడిగి చూడండి.