తరంగములకును వంతులు

ఆకాశవాణి కేంద్రము ప్రసారము చేయుచుండగా ఊరిలో పది రేడియోలు విన్నను, వేయి రేడియోలు విన్నను, ఎవరి పాలును తగ్గదు. కేంద్రము పలుకును, ఇండ్లు వినును. కాని ప్రతి యింటివారును తమ మాట తాము తిరిగి పలుకదలచినప్పుడు ఆ తరంగములను పంచుకొనక తప్పదు. తీగ లేకుండ ఇంటింటికి టెలిఫోనును, ఇంటర్నెట్టును అందించుటలోని ప్రధానమైన చిక్కు ఇదియే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులకు పంపకము క్రొత్త విషయము కాదు. చెరువు నీటిని నీరుగంటి వంతుల ప్రకారము మళ్లకు విడుచుట వారెరిగినదే. తరంగములకును అట్టి వంతులే కావలెను.

ఇందుకు మంచి ఉదాహరణము కార్‌డెక్ట్ విధానము. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా ప్రభృతులు మైడాస్ సంస్థతో కలిసి 1990 దశకమున దీనిని రూపొందించిరి. ఇందు 1880 మొదలు 1900 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీ 10 పాయలుగా చీలును. ఒక్కొక్క పాయలో సెకండునందలి నూరవ వంతు కాలము మరల 24 తునుకలగును. వానిలో 12 కేంద్రము పలుకుటకు, 12 ఇండ్లు బదులు పలుకుటకు. కావున ఒక చిన్న బేస్ స్టేషనుపై ఒకేసారి 12 సంభాషణలు సాగును. వంతులు అతివేగముగ తిరుగుటచేత మాట తెగినట్లు తోచదు. మనము రేడియో ముల్లు త్రిప్పి స్పష్టమైన స్టేషనును వెదకినట్లే, గోడకు అమర్చిన వాల్‌సెట్టు తానే ఆలకించి, అలజడి తక్కువగానున్న దారిని ఎన్నుకొనును.

పండ్రెండు దారులకు పండ్రెండు ఇండ్లేనా? కాదు. అందరును ఒక్కసారే మాటాడరు గదా. డెన్మార్కు గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రమున్నది. రద్దీవేళ ఒక్కొక్క యింటివారు గంటలో సగటున 6 నిమిషములు మాటాడుదురనుకొందము. నూటికి ఒక పిలుపు మాత్రమే వెనుదిరుగవలెనన్నచో, ఆ లెక్కను 12 దారులు సుమారు 58 ఇండ్లకు చాలును.

ఇంటర్నెట్టు ఈ లెక్కను తారుమారు చేసెను. కార్‌డెక్ట్‌లో చందాదారునకు సెకండునకు 35 లేక 70 కిలోబిట్ల వేగము దొరకెడిది. కాని దారి పట్టుకొని గంటసేపు కదలనివారు పండ్రెండుగురున్నచో, మిగిలిన ఇండ్లనుండి వైద్యునికి చేయు పిలుపైనను సాగదు. అందుచేతనే తరువాతి విధానములలో సమాచారమును చిన్న పొట్లములుగా కట్టి, పంపవలసిన పొట్లమున్నవారికే వంతునిచ్చు పద్ధతి స్థిరపడెను.

కుప్పములో 2002లో రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ ‘ఐ-కమ్యూనిటీ’ అను కార్యక్రమమును ప్రారంభించి, సమాచార కేంద్రములు నెలకొల్పెను. నాడు పదిమంది కూడి వాడుకొనిన సౌకర్యమును నేడు ప్రతి యిల్లును కోరుచున్నది.

పైగా ఇది కొండల సీమ. మదనపల్లెకు చేరువనున్న హార్స్‌లీ కొండ ఎత్తు 4,000 అడుగులకు మించును. ఇట్టి తరంగములకు స్తంభమునకును ఇంటికిని నడుమ అడ్డులేని చూపు కావలెను. కొండచాటు ఇంటికి సంకేతము బలహీనముగ చేరును. నేటి యంత్రములు అట్టి యింటికి వేగము తగ్గించి పంపును. అంతే సమాచారమునకు ఎక్కువ కాలము పట్టును. ఆ కాలము ఇరుగుపొరుగు వంతులనుండియే పోవును. ఆ యింటి ఏంటెనాను ఎత్తుగ నిలిపినచో ఊరందరికిని మేలు.

కావున చందా కట్టువారు వేగమెంతయని అడిగి ఊరకుండరాదు. సెకండునకు 100 మెగాబిట్లు గల స్తంభమును 50 ఇండ్లు ఒకేవేళ నిండుగ వాడినచో, సమముగ పంచినను ఇంటికి వచ్చునది 2 మెగాబిట్లే. స్తంభము శక్తి యెంత, దానిని పంచుకొనువారెందరు, సాయంకాలము రద్దీలో తమకు దక్కునదెంత అని అడుగుట చందాదారుల హక్కు. తగినన్ని స్తంభములు నిలుపక చందాదారులను మాత్రము పెంచినచో, నీరుగంటి యెంత న్యాయముగ పంచినను, చివరి మడి ఎండక మానదు.