పాఠశాల అంతర్జాలమునకు తూము

శ్రీరంగాపురము రంగసముద్రము వంటి చెరువులు గల వనపర్తి ప్రాంతమున తూము మాట తెలియనివారుండరు. తూమునకు నీరటి యొకడుండును. నీరు ఎవరికి వదలెనో, ఎవరికి నిలిపెనో రైతులు వానినే నిలదీయుదురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పాఠశాలలలోని కంప్యూటరు గదులకు వచ్చు అంతర్జాలమునకు గూడ అట్టి తూమొకటి కావలసియున్నది. దానిని అమర్చుట యెట్లు, దాని నీరటి యెవరు అను రెండు ప్రశ్నలలో మొదటిది సులభము. రెండవదానిని గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచినాము.

ఈ తూము పేరు ప్రాక్సీ. గదిలోని కంప్యూటర్లు తిన్నగా బయటికి పోక దీనినడుగును. ఇది నియమములను చూచి, కోరిన వెబ్‌సైటును తెచ్చి యిచ్చును, లేదా కాదనును. 1996లో పుట్టిన స్క్విడ్ అను ఉచిత ప్రోగ్రాము నేటికిని ఈ పనికి వాడుకలో నున్నది. పాత కంప్యూటరైనను చాలును. నియమములను స్క్విడ్ పైనుండి క్రిందికి చదువును. మొదట సరిపడిన నియమమే చెల్లును. కావున అందరికిని అనుమతియను పంక్తిని పైన వ్రాసి, నిషేధములను క్రింద వ్రాసినచో అవి ఉన్నను లేనట్లే. మరియొక జాగ్రత్త. రౌటరులో ప్రాక్సీకి తప్ప మరే కంప్యూటరునకును బయటి దారి యుంచరాదు. ఉంచినచో తొమ్మిదవ తరగతి పిల్లవాడు బ్రౌజరులో అమరిక మార్చి రెండు నిమిషములలో గట్టు దాటును.

నిషిద్ధ వెబ్‌సైట్ల పట్టికను మనము కూర్చుకొన నక్కరలేదు. ఫ్రాన్సు దేశపు తూలూజ్ విశ్వవిద్యాలయము దానిని వర్గములవారీగా కూర్చి ఉచితముగా అందించుచున్నది. జూదము, అశ్లీలము మొదలగు వర్గములను మూసి, గూగుల్‌లో సురక్షిత శోధనను తప్పనిసరి చేసినచో పని చాలవరకు ముగిసినట్లే.

చిక్కు ఇక మొదలగును. నేటి వెబ్‌సైట్లలో అధికభాగము అంటించిన కవరులోని ఉత్తరము వలె హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో నడచును. ప్రాక్సీకి పైనున్న చిరునామా, అనగా వెబ్‌సైటు పేరు మాత్రమే కనబడును. ప్రతి కంప్యూటరులో పాఠశాల సొంత సర్టిఫికెట్టును చేర్చి, ఉత్తరమును విప్పి చదువుటయు సాధ్యమే. కొందరు దీనిని గొప్పగా చెప్పుదురు. మాకు సమ్మతము కాదు. ఆ గదిలో ఉపాధ్యాయులెవరైన బ్యాంకు పని చూచుకొన్నచో వారి పాస్‌వర్డు గూడ విప్పబడవచ్చును. పైగా, విప్పిన పిమ్మట మాటలను పట్టి పుటలను ఆపుట మొదలగును. యంత్రమునకు మాట తెలియునుగాని సందర్భము తెలియదు. లైంగిక అను మాటను నిషేధించినచో, లైంగిక నేరములనుండి పిల్లలను కాపాడుటకై చేసిన 2012 నాటి పోక్సో చట్టమే తెరువబడదు. పదవ తరగతి జీవశాస్త్రములోని ప్రత్యుత్పత్తి పాఠమునకును అదే గతి. ఇంగ్లీషు లిపిలో వ్రాసిన తెలుగు బూతు మాత్రము నిరాటంకముగా దాటిపోవును!

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలో ఉండి చదువుకొను పిల్లల సంగతి చూడుడు. పాలమూరు వలసకూలీల బిడ్డలు వారిలో కలరు. ఇంటివద్ద సెల్‌ఫోను దొరకు పిల్లకు పాఠశాల తూము మూసినను వేరు దారి కలదు. వీరికి లేదు. పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లి నిశ్చయమైనదని కబురు వచ్చిన పిల్ల, 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమేమి చెప్పుచున్నదో, 1098 సంఖ్యకు ఫోను చేసినచో ఏమగునో ఎవరినడుగును? నెలసరినిగూర్చి బెదరిన పిల్ల ఎవరినడుగును? మనుష్యులకంటె ముందు యంత్రమునడుగును. పుట తెరువబడకున్న, తానేదో తప్పు చేసితినని తలచి లేచిపోవును. మరల అడుగదు.

అమెరికాలో పాఠశాలలకును గ్రంథాలయములకును వడపోతను విధించిన చట్టము 2000లో వచ్చినది. గ్రంథాలయముల విషయమై వివాదము రాగా, 2003లో అచ్చటి సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. పెద్దలు కోరినంతనే మూసినదానిని తెరువవచ్చునను సంగతికి ఆ తీర్పులో చాల విలువ యున్నది. మన పిల్లలకును కోరు దారి యొకటి ఉండవలెను గదా.

స్క్విడ్ నిరాకరించిన హెచ్‌టీటీపీఎస్ వెబ్‌సైటు విషయమున బ్రౌజరు మన సందేశమును చూపదు. కావున ఎవరినడుగవలెనో తెలుగులో కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను. బాలికల పాఠశాలలో ఆ వ్యక్తి ఉపాధ్యాయినియైన మేలు. ప్రక్కన ఒక నోటుబుక్కు ఉంచవలెను. అందు పిల్ల పేరు అక్కరలేదు, వెబ్‌సైటు పేరు చాలును. వారమునకొకసారి చూచి తెరువదగినదానిని తెరువవలెను. ఏ కంప్యూటరు ఏమి కోరినదో స్క్విడ్ వ్రాసిపెట్టు చిట్టా వేరుగా ఉన్నది. అది స్టాఫ్‌రూములో చదివి నవ్వుకొనుటకు కాదు. ప్రధానోపాధ్యాయిని వద్దనే యుంచి, కొన్ని వారముల పిమ్మట చెరిపివేయవలెను.