జర్మనీ సంధిపత్రములు: పిలువబడని కక్షిదారు

(పట్టణ పఠనమందిరమున చేయబడిన ఉపన్యాసము)

 

జర్మనీ విదేశాంగనీతిని గూర్చి ముచ్చటింపుడని ఈ పఠనమందిరమువారు మమ్ము కోరిరి. ఆ విషయము సముద్రము వంటిది. మేము వృత్తిచే న్యాయవాదులము. దస్తావేజులు చదువుటయే మాకు తెలిసిన విద్య. కావున జర్మనీ తన తూర్పు దిక్కునగల మహారాజ్యమైన రష్యాతో వ్రాసికొనిన కొన్ని దస్తావేజులను మాత్రమే నేడు మీ యెదుట విప్పదలచితిమి.

కోర్టులో పంపకపు దావా పడినప్పుడు న్యాయాధిపతి మొదట విచారించునదేమి? ఆ యాస్తిలో హక్కుగలవారందఱును దావాలో చేరియున్నారా యని. ఒక హక్కుదారుని విడిచి తక్కిన యిద్దఱు రాజీపడినచో ఆ రాజీ వానిని బంధింపదు. రాజ్యముల నడుమ అట్టి న్యాయాధిపతి లేడు. అందుచేత ఈ పత్రములపై ఎవరు సంతకము చేసిరో చూచుటకంటె, ఎవరిని పిలువలేదో చూచుట ముఖ్యమని మా తలంపు.

బిస్మార్కుతో మొదలుపెట్టుదము. పడమట ఫ్రాన్సు, తూర్పున రష్యా ఏకమైనచో జర్మనీ గతి యేమను భయము ఆ మహామంత్రిని ఏనాడును విడువలేదు. 1879లో ఆస్ట్రియాతో చెలిమికట్టిన ఆతడే, 1887 జూన్ 18న ఆస్ట్రియాకు తెలియనీయక రష్యాతో మూడేండ్ల రహస్యపు ఒడంబడిక వ్రాసికొనెను. దానికి మఱింత రహస్యమైన అనుబంధ మొకటి గలదు: నల్లసముద్రపు ముఖద్వారమును కాపాడుకొనుటకు జారుచక్రవర్తి ఏమి చేయవలసివచ్చినను జర్మనీ అడ్డుపడదని. ఆ ద్వారము టర్కీ సుల్తానుది. సుల్తాను నెవ్వరడిగిరి? 1890లో బిస్మార్కు పదవి పోయెను. తరువాత వచ్చినవారు ఒడంబడికను పొడిగింపలేదు. నాలుగేండ్లు తిరుగకమునుపే రష్యా ఫ్రాన్సుతో చేయి కలిపెను. ఆతడు భయపడినదే 1914లో జరిగెను.

1922 ఏప్రిలు 16న రపాల్లోలో మఱియొక సంధి కుదిరెను. ఓడిన జర్మనీ, వెలివేయబడిన సోవియట్ రష్యా తమ పాత బాకీలను రద్దుపఱచుకొని రాయబారములు నెలకొల్పుకొనెను. పైకి చూచిన నిందింపదగినదేమియు లేదు. కాని ఆ చాటున లిపెట్స్కులో జర్మనులు విమానవిద్యను, కజాను దాపున ట్యాంకు యుద్ధమును రహస్యముగా అభ్యసించిరి. ఆనాటి జర్మను సేనాపతి సీక్టు మనస్సులో నున్నదేమన, పోలండు ఉండుటయే భరింపరానిదని. 1925లో లొకార్నోలో జర్మనీ తన పడమటి సరిహద్దును ఒప్పుకొనెను. తూర్పు సరిహద్దు మాట వచ్చినప్పుడు మధ్యవర్తిత్వపు ఒప్పందములతో సరిపెట్టెను. ఆ సంధికిగాను స్ట్రెసెమన్, బ్రియాండులకు శాంతిబహుమాన మిచ్చిరి. పోలండు పెదవి విఱచినందు కాశ్చర్యమేమి?

ఇవి యన్నియు పీఠికలు. అసలు దస్తావేజు 1939 ఆగష్టు 23 నాటిది.

మాస్కోలో రిబెంట్రాపు, మొలటోవు సంతకములు చేసిరి, స్టాలిను దగ్గఱనుండెను. లోకమునకు చూపిన కాగితమున ఒకరిపై నొకరు పదియేండ్లు దండెత్తరాదని యున్నది. చూపని కాగితమున ఫిన్లండు, ఎస్తోనియా, లాట్వియా రష్యా వంతు. లిథుయేనియా జర్మనీ వంతు. పోలండును నారెవ్, విస్తులా, సాన్ నదుల వెంబడి ఇరువురును పంచుకొందురు. సెప్టెంబరు 1న జర్మను సేనలును, 17న రష్యను సేనలును పోలండులో ప్రవేశించెను. సెప్టెంబరు 28న పంపకమును సవరించుకొనిరి: లిథుయేనియాను రష్యాకు విడిచి, జర్మనీ పోలండులో మఱికొంత నేల తీసికొనెను. అయినను లిథుయేనియా నైరృతిమూల నొక చీలిక భూమి తనదేయని జర్మనీ పట్టుపట్టెను. 1940లో రష్యా ఆ దేశము నంతటిని మ్రింగినప్పుడు ఆ చీలికయు దానితోనే పోయెను.

అప్పుడు జరిగిన సంగతి మా వృత్తివారు ప్రత్యేకముగా చదువదగినది. 1941 జనవరి 10న మాస్కోలో జర్మను రాయబారి షూలెన్‌బర్గును మొలటోవును మఱియొక రహస్యపత్రము వ్రాసికొనిరి. ఆ చీలికపై తనకుగల హక్కును జర్మనీ వదలుకొనునట. అందుకు ప్రతిఫలము 75 లక్షల బంగారు డాలర్లట. అందు ఎనిమిదవవంతు లోహముల రూపమున మూడు మాసములలో ముట్టవలె. మిగిలినది జర్మనీ చెల్లింపవలసిన బంగారములో మినహాయించుకొనవలె. వాయిదాలు, మినహాయింపులు, సమస్తమును సక్రమముగా నున్నవి. లేనిదల్లా విక్రేతకు హక్కు. ఊరి పెద్దలిద్దఱు పరాయివాని పొలమును తమలోతాము క్రయమిచ్చి పుచ్చుకొనినట్లున్నది. అయిదు మాసములు దాటి పండ్రెండు దినములు గడచెనో లేదో, జూన్ 22న హిట్లరు సేనలు రష్యాపై పడెను. డబ్బు తీసికొని వదలుకొనిన ఆ చీలికతోగూడ లిథుయేనియా యంతయు కొలదిదినములలో జర్మనీ వశమయ్యెను. ఆ దేశపు యూదులలో నూటికి తొంబదిమందికి పైగా తరువాతి యేండ్లలో హతులైరి.

జర్మనీ నొక్కదానినే దోషిగా నిలుపుట న్యాయమా యని మీరడుగవచ్చును. న్యాయము కాదు. 1938 సెప్టెంబరున మ్యూనిచ్‌లో జర్మనీ, ఇటలీ, ఇంగ్లండు, ఫ్రాన్సు కూర్చుండి చెకొస్లొవేకియాను కోసినప్పుడు, ఆ దేశపు ప్రతినిధులు హోటలు గదిలో తీర్పుకొఱకు వేచియుండిరి. మన మాటయు అంతియే. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్గో భారతదేశము జర్మనీతో యుద్ధములో నున్నదని ప్రకటించెను. మన శాసనసభలను గాని నాయకులను గాని ఒక్కమాట యడుగలేదు. పిలువబడని కక్షిదారు మనఃక్లేశ మెట్టిదో ఈ దేశమునకు ఒకరు చెప్పనక్కఱలేదు.

ఆ రహస్యపత్రము ఏమయ్యెను? నూరెంబర్గు విచారణలో హెస్సు వకీలైన సైడిల్ దానిని దాఖలు చేయజూచెను, న్యాయపీఠము స్వీకరింపలేదు. న్యాయమూర్తులలో రష్యావారును కూర్చుండియుండిరి గదా! అట్టి పత్రమే లేదని సోవియట్ ప్రభుత్వము అర్ధశతాబ్దము బొంకెను. 1989 ఆగష్టు 23న, ఒడంబడికకు ఏబదియేండ్లు నిండిననాడు, ఎస్తోనియా, లాట్వియా, లిథుయేనియా ప్రజలు ఇంచుమించు ఇరువదిలక్షలమంది చేయి చేయి పట్టుకొని టాలిన్ నుండి విల్నియస్ వఱకు వరుసగా నిలిచిరి. ఆ డిసెంబరులో సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభ ఆ పత్రములు సంతకమునాటినుండియు చెల్లనివని తీర్మానించెను. చెల్లనిదని యొప్పించుటకు ఏబదియేండ్లు, ఇరువదిలక్షల చేతులు కావలసివచ్చెను.

యుద్ధానంతరము పడమటి జర్మనీ వేఱుదారి పట్టెనని చెప్పకపోవుట అన్యాయము. 1951లో బొగ్గు, ఉక్కు సమాజమున ఫ్రాన్సు, ఇటలీలతోపాటు బెల్జియము, హాలండు, లక్సెంబర్గులును సభ్యులై కూర్చుండెను. 1970లో విల్లీ బ్రాంటు మాస్కోలో సంధిచేసి ఊరకుండక, వార్సాకును పోయి పోలండుతో వేఱుగ సంధి చేసెను. యూదుల స్మారకచిహ్నము ముందు మోకరిల్లెను. 1990లో రెండు జర్మనీలు ఏకమగునప్పుడు హెల్ముట్ కోలు పోలండు సరిహద్దును గూర్చి చాలదినములు నీళ్లు నమలెను. అయినను ఆ జూలైలో పారిసున జరిగిన సమావేశమునకు పోలండు విదేశాంగమంత్రిని పిలిచిరి. నవంబరు 14న సరిహద్దు సంధి వార్సాలోనే జరిగెను. పిలువవలసినవానిని పిలిచి చేసిన ఆ సరిహద్దు నేటికిని చెక్కుచెదరలేదు.

ఇంత నేర్చిన బెర్లిను మరల పాతదారి త్రొక్కుట మాకు వింతగా తోచుచున్నది. 2005 సెప్టెంబరున ష్రోడరు, పుటిను ఎదుట బాల్టికు సముద్రగర్భమున సహజవాయువు గొట్టము వేయుటకు ఒప్పందము జరిగెను. పూర్వపు గొట్టములు ఉక్రెయిను, పోలండుల మీదుగా వచ్చెడివి. ఉక్రెయినునకు వాయువు కట్టివేసినచో జర్మనీ పొయ్యియు చల్లారెడిది. ఆ చిక్కే ఉక్రెయినునకు రక్షణ. సముద్రపు గొట్టముతో ఆ రక్షణ సడలిపోవునని పోలండువారు మొఱపెట్టిరి. వారి మంత్రి సికోర్‌స్కి 2006లో దీనిని మొలటోవు-రిబెంట్రాపుల పత్రముతోనే పోల్చెను. జర్మనులు నొచ్చుకొనిరి. వర్తకము పెరిగిన వైరము తగ్గునని వారి వాదము. బ్రాంటు కాలమున ఆ వాదము కొంతవఱకు ఫలించెను గాన దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని 2014లో రష్యా క్రిమియాను లాగికొనిన మఱుసటియేటనే రెండవ గొట్టమునకు ఒప్పందము చేసికొనుటను ఆ వాదము ఎట్లు సమర్థించునో మాకు బోధపడదు. 2021 నాటికి జర్మనీ దిగుమతి చేసికొను వాయువులో సగమునకు పైగా రష్యాదే.

2022 ఫిబ్రవరి 22న షోల్జు రెండవ గొట్టమునకు అనుమతి నిలిపెను. రెండుదినములకు ఉక్రెయినుపై దండయాత్ర మొదలయ్యెను. 27న ఆతడు పార్లమెంటులో యుగము మారినదని పలికి, సైన్యమునకు పదివేలకోట్ల యూరోలు ప్రత్యేకించెను. ఆ సెప్టెంబరున గొట్టములు సముద్రగర్భముననే ప్రేలి చీలిపోయెను.

2025 మే 22న విల్నియస్ నగరమున నొక జర్మను సేనాదళమునకు ప్రారంభోత్సవము జరిగెను. 2027 నాటికి ఇంచుమించు అయిదువేలమందితో అది పూర్తికావలెనని సంకల్పము. యుద్ధానంతరము జర్మనీ పరదేశమున శాశ్వతముగా దళము నిలుపుట ఇదియే మొదలు. చాన్సలరు మెర్జు స్వయముగా పోయెను. 75 లక్షల డాలర్లకు చేతులు మారిన నేల ఆ దేశములోనిదే. ఈ మాఱు మాత్రము దళము రావలెనని కోరినవారు, ఒప్పందమున సంతకము చేసినవారు లిథుయేనియావారే.