టాక్సీ నడిపిన సంగీతకర్త
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ట్రెజరీలో 36 ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. చిన్నప్పుడు వయొలిన్ మీద వర్ణాల దాకా నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక ఆ పెట్టె అటకెక్కింది. ఎవరడిగినా "ఉద్యోగం తీరిక ఇవ్వలేదండీ" అనేవాణ్ణి. ఆ మాట నిజమేనా అని నన్ను ఆలోచింపజేసిన ఒక అమెరికన్ సంగీతకర్తను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన పేరు ఫిలిప్ గ్లాస్. 1937లో బాల్టిమోర్‌లో జన్మించారు. తండ్రికి రేడియోలు బాగుచేసే, రికార్డులు అమ్మే దుకాణం ఉండేది. అమ్ముడుపోని రికార్డులను, జనం ఎందుకు కొనడంలేదో తెలుసుకుందామని తండ్రి ఇంటికి తెచ్చి వినేవారట. వినగా వినగా ఆయనకు అవే నచ్చాయి. ఆ కొత్తరకం సంగీతమే కొడుకు చెవినీ పడింది.

పారిస్‌లో నాదియా బులాంజే వద్ద చదువుకుంటున్న రోజుల్లో, ఒక సినిమాకు పండిట్ రవిశంకర్ కూర్చిన సంగీతాన్ని పాశ్చాత్య వాద్యకారుల కోసం స్వరలిపిలో రాసే పని గ్లాస్‌కు దొరికింది. రవిశంకర్, తబలా విద్వాంసులు అల్లారఖాల సాహచర్యంలో, చిన్న చిన్న మాత్రలు చేరి ఆవర్తం కావడం గమనించారు. మనకు చిన్ననాటి నుంచీ తెలిసిన ఆ తాళమర్మమే ఆయనకు కొత్త దారి చూపింది.

న్యూయార్క్ తిరిగి వచ్చాక పొట్టకూటికి ప్లంబర్ పని చేశారు, టాక్సీ నడిపారు. 1976లో ఆయన ఒపెరా, అంటే సంగీత నాటకం, 'ఐన్‌స్టీన్ ఆన్ ది బీచ్' మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో హాలు నిండుగా ఆడింది. అయినా అప్పులే మిగిలాయి. మళ్ళీ టాక్సీ ఎక్కారు. 41వ ఏట దాకా సంగీతం ఆయనకు అన్నం పెట్టలేదు.

1980లో రోటర్‌డామ్‌లో ఆయన 'సత్యాగ్రహ' ప్రదర్శితమైంది. దక్షిణాఫ్రికాలో గాంధీజీ పోరాటం దాని ఇతివృత్తం. పాడేవి సంస్కృతంలోనే, భగవద్గీత శ్లోకాలు.

మిత్రులారా, మనకు ఒకటో తారీఖున జీతం అందేది. ఆయనకు అదీ లేదు. బిల్లుల మీద అభ్యంతరాలు రాసిన చేత్తోనే నేను నా సరదా మీదా అభ్యంతరం రాసేశాను. మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటానంటే, "ముందు ఉద్యోగం వచ్చే చదువు చూడు" అన్నాను. ఆ తప్పు ఆఫీసుది కాదు, నాది.

మొన్న కొత్త తీగలు వేయించాను. వేళ్ళు మాట వినడంలేదు. ఫోనులో విన్న అమ్మాయి "ఆపకండి నాన్నగారూ" అంది. మీ అటక మీద ఏముందో ఈ సాయంత్రం ఒకసారి చూసుకోండి.

సెలవు.