రెండు రోజుల పట్నవాసము



మర మగ్గమును మేము సాంచె అందుము. మా తంగళ్ళపల్లి మానేరుకు ఈవలి ఒడ్డున, సిరిసిల్ల ఆవలి ఒడ్డున ఉన్నవి. రెండు ఒడ్డులలోను సాంచెల చప్పుడే మాకు గడియారము. హైదరాబాదును మేము పట్నమందుము. సిద్దిపేట మీదుగా బస్సులో మూడు నాలుగు గంటల దారి. ఆ దారి మాకు క్రొత్తది కాదు. జబ్బు చేసిన వారిని తీసికొని ఆసుపత్రులకు పోయినాము. కాగితముల కొరకు కచేరీలకు పోయినాము. పెండ్లి బట్టలకు పోయినాము. పని ముగిసిన వెంటనే బస్సు అందుకొని తిరిగి వచ్చినాము. పట్నమును చూచుటకని పట్నము పోయినది మాత్రము లేదు.

మూడు ఇండ్ల వారము, పెద్దలు పిన్నలు కలిసి పదకొండుగురము, ఒక శనివారము, ఒక ఆదివారము కేవలము చూచుటకును, తినుటకును, రాత్రి వీధులలో తిరుగుటకును పట్నము పోయి వచ్చిన ముచ్చటను ఈనాడు మీతో చెప్పదలచినాము. అట్టి ప్రయాణమునకు పూనుకొనువారికి మా అనుభవము కొంత ఉపకరించునని మా ఆశ.

అన్నింటికంటె ముందుగా ఎదురయ్యే ప్రశ్న డబ్బు. సిరిసిల్ల పేరు అప్పులతోను, నేతవారి ఆత్మహత్యలతోను జతపడి పత్రికలలో అచ్చయిన సంవత్సరములున్నవి. అటువంటి చోట వినోదమునకై ప్రయాణమనగానే ఇరుగుపొరుగు నొసలు చిట్లించుట సహజమే. కనుక ఒక్క రూపాయి కూడ అప్పు చేయరాదని నియమము పెట్టుకొన్నాము. ఇంటికి వారమునకు 200 రూపాయల చొప్పున 20 వారములు ఒక రేకు డబ్బాలో వేసినాము. సాంచెల మీద నేసినవారును వేసినారు, బీడీలు చుట్టినవారును వేసినారు. 12,000 రూపాయలు పోగైన పిదపనే తేదీ నిర్ణయించినాము. 2023 డిసెంబరు నుండి తెలంగాణ ఆర్టీసీ వారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు టిక్కెట్టు వెల లేదు. మాలో ఆరుగురు స్త్రీలు కనుక ఆ మేరకు డబ్బా బరువు తగ్గలేదు.

రెండవది వారము. ఐదేండ్ల క్రిందట మాలో నలుగురు ముందుగా విచారింపక శుక్రవారము నాడు బయలుదేరి, మూసిన తలుపులు చూచి తిరిగి వచ్చినారు. సాలార్‌జంగు మ్యూజియమునకును, చౌమహల్లా ప్యాలెస్‌కును, పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమునకును శుక్రవారమే సెలవు. ఈ ఒక్క మాట ముందుగా తెలిసియున్నచో వారికి ఒక దినపు కూలియు, ప్రయాణపు శ్రమయు మిగిలియుండెడివి.

మూడవది మనుష్యుల సంగతి. మా పెద్దమ్మ రాననినది. "ఆ పట్నం నాకెందుకు బిడ్డా? చూసిన కాడికి చాలు" అన్నది. ఆమె చూచిన పట్నమేమి? పండ్రెండేండ్ల క్రిందట పెద్దబాపుకు జబ్బు చేసినప్పుడు ఒక ఆసుపత్రి వరండాలో ఇరువది యొక్క దినములు పండుకొన్నది. ఆయన తిరిగి రాలేదు. ఆనాటి నుండి ఆ ఊరి పేరు ఎత్తినచో ఆమె లేచి లోపలికి పోవును. మేము బలవంతపెట్టలేదు. డబ్బాలో ఆమె వంతు మాత్రము ప్రతి వారము వేయుచు వచ్చినాము. బయలుదేరుటకు రెండు దినముల ముందు ఆమెయే చీర ఉతికి ఆరవేసినది.

శనివారము తెల్లవారకముందే బస్సెక్కి జూబ్లీ బస్ స్టేషనులో దిగినాము. అక్కడి నుండి మహాత్మా గాంధీ బస్ స్టేషను వరకు 2020లో మెట్రో రైలు వచ్చినది. అక్కడ దిగినచో మూసీ దాటి సాలార్‌జంగు మ్యూజియమునకు చేరుట సులభము. బసకై చుట్టముల ఇంటికి పోవలెనా అను చర్చ ముందే జరిగినది. చుట్టముల ఇంట మర్యాదలున్నవి. వారు వండి కాచుకొని కూర్చుందురు. రాత్రి పదకొండు గంటలకు తలుపు తట్టుట భావ్యము కాదు. కనుక సాధారణమైన బసలో రెండు గదులు ముందుగా మాట్లాడుకొన్నాము. రాత్రిపూట పట్నము చూడదలచినవారికి ఈ స్వేచ్ఛ అవసరము.

సాలార్‌జంగు మ్యూజియము ఒక మనిషి అభిరుచి నుండి పుట్టినది. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అనగా మూడవ సాలార్‌జంగు, కొంతకాలము నిజాము దివానుగా ఉండి, ఆ పదవి వదలి, తన ఐశ్వర్యమును వస్తు సేకరణకే వెచ్చించినారు. 1949లో ఆయన మరణించిన పిదప, 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో ఈ మ్యూజియమును జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించినారు. 1961లో పార్లమెంటు చట్టము దీనిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనమునకు మారినది.

ఇందు ముప్పదికి పైబడిన ప్రదర్శనశాలలున్నవి. అన్నియు చూడవలెనను పట్టుదల పెట్టుకొన్నచో ఏదియు చూడలేము. కాళ్ళ నొప్పి మాత్రము మిగులును. మేము మూడింటినే ఎంచుకొన్నాము: పిల్లలకై గంటల గడియారము, మా కొరకు బట్టల గది, అందరి కొరకు ముసుగు రెబెకా. గడియారములో ప్రతి గంటకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోవును. పండ్రెండు గంటలప్పుడు కొట్టవలసినవి పండ్రెండు కనుక జనము ఎక్కువగా చేరుదురు. మేమును ఆ సమయమునకే పోయినాము.

రెబెకా పాలరాతి విగ్రహము. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కినది. మొదటి సాలార్‌జంగు దీనిని 1876లో రోము నగరమున కొన్నారు. ముఖము మీద పలుచని మేలిముసుగు, దాని క్రింద కన్ను, ముక్కు, పెదవి కానవచ్చును. ముసుగును రాయియే, ముఖమును రాయియే. చూచువారు అందమును గూర్చి మాట్లాడుకొనుచుండిరి. మావారి మాటలు వేరుగా ఉండినవి. ఇది ఎన్నవ నంబరు నూలై యుండునని ఒకరు, పడుగు పలుచగా పెట్టి పేక ఇంకను సన్నము చేసినాడని ఒకరు. నలుబది ఏండ్లు నాడె విసిరిన మా తాత చాలసేపు ఊరకుండి, మనుమనితో, "బట్ట గాదు బిడ్డా, రాయి. గని ముడుత ఎట్ల పడాల్నో వీనికి ఎరుక" అన్నాడు. ఆ గదిలో అంతవరకు అతిథులవలె ఒదిగి నిలిచిన మేము ఆ మాటతో కొంచెము నిటారుగా నిలబడినాము.

భోజనము విషయమునను ఒక క్రమము పాటించినాము. ఉదయమునకు ఇంటి నుండి తెచ్చిన సద్ది, మధ్యాహ్నమునకు బిర్యానీ, సాయంకాలము ఇరానీ చాయ, ఉస్మానియా బిస్కట్టు. పదకొండు మందికి పదకొండు పళ్ళెములు చెప్పుట అనవసరము. ఆరు చెప్పి పంచుకొన్నచో అందరికి సరిపోయినది. మాంసము ముట్టని ఇద్దరికి వేరుగా పప్పు, అన్నము దొరకు చోటు ముందే అడిగి పెట్టుకొన్నాము. రంజాను మాసమున పోవువారు హలీము రుచి చూడవచ్చును. హైదరాబాదు హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇక రాత్రి. పట్నపు రాత్రి అనగానే పల్లెవారికి భయమో, అపోహయో కలుగును. కుటుంబముతో గడపదగిన రాత్రులు అక్కడ ఎన్నియో ఉన్నవి. 1961లో వెలసిన రవీంద్రభారతిలో నాటకములు, నృత్యములు జరుగును. గోలకొండ కోటలో చీకటి పడిన పిదప ధ్వని, కాంతులతో కోట చరిత్ర చెప్పుదురు. 1938లో మొదలైన నుమాయిష్ ఇప్పుడు నాంపల్లి మైదానమున ఏటేట జనవరి 1 నుండి ఫిబ్రవరి 15 వరకు జరుగుట వాడుక. మేము వీటిలో ఏదియు కాక, చార్మినారు వద్ద నడుచుటను ఎంచుకొన్నాము. ఎవరైనను తప్పిపోయినచో ఏ దుకాణము ముందు నిలువవలెనో ముందే చూపించుకొన్నాము. పిల్లల జేబులలో ఫోను నంబరు వ్రాసిన చీటీలు పెట్టినాము.

లాడ్‌బజారులో పెద్దమ్మ మనుమరాండ్రకు లక్క గాజులు బేరమాడి కొన్నది. తరువాత ఒక అరుగు మీద కూర్చున్నాము. ఎదుట దీపములలో చార్మినారు. ఆమె చాలసేపు చూచి, "గప్పుడు గూడ ఇది ఇక్కడనే ఉండెనా?" అన్నది. ఆసుపత్రి దినముల మాట అని మాకు అర్థమైనది. "ఉండె పెద్దమ్మా, 1591 నుంచి ఇక్కడనే ఉన్నది" అన్నాము. ఆమె మరి మాటాడలేదు. కొంతసేపటికి ఇంకొక చాయ తెప్పించుమన్నది.

ఆదివారము పురానీ హవేలీ చూచినాము. ఏడవ నిజాము రజతోత్సవమున, 1937లో, వచ్చిన కానుకలు అందున్నవి. మమ్ములను ఎక్కువగా నిలిపినది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాల వరుస. పిల్లలు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియములోని ఈజిప్టు మమ్మీని కూడ చూడవలెనన్నారు. దానిని వచ్చే ఏటికి విడిచినాము. రెండు రోజులలో కొన్నింటిని విడుచుట కూడ ఏర్పాటులో భాగమే.

సోమవారము ఉదయము సాంచెలు మరల నడిచినవి. డబ్బాలో 740 రూపాయలు మిగిలినవి. పెద్దమ్మ ఆ డబ్బాను మా చేతి నుండి తీసికొని, మరి 200 రూపాయలు వేసి, మూత పెట్టి తన ఇంటిలోనే ఉంచుకొన్నది.

సెలవు.