గ్యాసా, భయమా, ఆకలా? కడుపు మాట మనకి ఎంతవరకు అర్థమవుతుంది?

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్. మా నాన్న విషయంతో మొదలుపెడతాను.

పోయినేడాది ఒక ఆదివారం సాయంత్రం. నాన్న మిరపకాయ బజ్జీలు తిన్నారు. గంట తర్వాత పొట్ట పైభాగంలో పట్టేసినట్టు ఉందన్నారు. "గ్యాస్ రా, సోడా పట్రా" అన్నారు. నేను తెచ్చాను కూడా. అమ్మ మాత్రం ఆయన మొహం చూసింది. ఫ్యాన్ కింద కూర్చున్న మనిషికి చెమటలు కారుతున్నాయి. "సోడా వద్దు, ఏమీ వద్దు. ముందు కారు తియ్యి" అంది. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే హార్ట్ ఎటాక్. స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ సోడా సీసా ఇంకా నా కళ్ల ముందే ఉంది.

58 ఏళ్లుగా అదే శరీరంలో ఉన్న మనిషి, గుండె నొప్పిని కడుపు నొప్పి అని ఎలా అనుకున్నారు?

చూడండి, చేతి మీద చీమ పాకితే సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలం. లోపలి అవయవాల విషయంలో మెదడు దగ్గర అంత వివరమైన మ్యాప్ లేదు. గుండె నుంచి, పొట్ట పైభాగం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో కొన్నిచోట్ల కలిసిపోతాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రెండు సర్వీసులు ఒకే లాగ్ ఫైల్‌లో రాస్తున్నాయి, కానీ ఏ లైను ఎవరు రాశారో పేరు లేదు. అప్పుడు మెదడు ఏం చేస్తుంది? ఊహిస్తుంది. ఇందాక బజ్జీలు తిన్నాం కదా, గ్యాసే అయ్యుంటుంది అంటుంది.

ఇలా శరీరం లోపలి కబుర్లని పసిగట్టడాన్ని ఇంటరోసెప్షన్ అంటారు. ఇందులో కడుపు వాటా చాలా పెద్దది. పొట్ట గోడలో పేస్‌మేకర్ లాంటి కణాలు ఉంటాయి. వాటి వల్ల నిమిషానికి సుమారు 3 సార్లు ఒక విద్యుత్ అల పుడుతుంది. తిన్నా, తినకపోయినా. మెదడుకీ కడుపుకీ మధ్య వేగస్ అనే నరం ఉంది. అందులో దాదాపు 80 శాతం తంతువులు కింది నుంచి పైకి కబురు మోసేవే. అంటే మెదడు కడుపుకి ఆర్డర్లు వేసేదానికంటే, కడుపు మెదడుకి పంపే రిపోర్టులే ఎక్కువ.

2018లో పారిస్ పరిశోధకులు ఒక పని చేశారు. మనుషులని స్కానర్‌లో ఊరికే పడుకోబెట్టి, మెదడుని, పొట్ట అలల్ని ఒకేసారి రికార్డు చేశారు. మెదడులో కొన్ని భాగాలు పొట్ట లయతో కలిసి నడుస్తున్నాయని తేలింది. వాటిలో స్పర్శని గుర్తించే భాగాలు కూడా ఉన్నాయి. మరి మనకి ఆ అలలు తెలుస్తున్నాయా? లేదు. కబురు చేరడం వేరు, అది మన ఎరుకలోకి రావడం వేరు.

ఎరుకలోకి వచ్చినా, దానికి పేరు పెట్టడం ఇంకో మెట్టు. 1912లో వాల్టర్ కానన్ దగ్గర పనిచేసిన వాష్‌బర్న్ అనే విద్యార్థి ఒక బెలూన్ మింగాడు. ఆకలి పోటు అనిపించినప్పుడల్లా మీట నొక్కేవాడు. ఆ పోట్లు పొట్ట బిగుసుకోవడంతో కలిసి వచ్చాయి. ఓహో, ఆకలంటే ఇదే అనుకున్నారు. కానీ ఆపరేషన్‌లో పొట్ట మొత్తం తీసేసిన వాళ్లకి కూడా ఆకలి వేస్తుందని తర్వాత తెలిసింది. అంటే కడుపు ఒక సాక్షి మాత్రమే. తీర్పు మెదడుది.

మన తెలుగే చూడండి. ఆకలేస్తే కడుపులో ఎలుకలు పరిగెడతాయి. అసూయ వస్తే కడుపు మంట. జాలేస్తే కడుపు తరుక్కుపోతుంది. చోటు ఒకటే, పేర్లే వేరు.

నా సంగతీ చెప్తాను. జాబ్ చేసే రోజుల్లో పొద్దున పది గంటలకి టీమ్ కాల్ ఉండేది. రోజూ కడుపులో తిప్పేది. ఎసిడిటీ అనుకుని ఆరు నెలలు మాత్రలు మింగాను. డాక్టర్ గారు ఒకటే అడిగారు: "సెలవు రోజుల్లో కూడా ఉంటుందా?" నా దగ్గర సమాధానం లేదు. రెండు వారాలు నోట్ చేసుకున్నాను. శని, ఆదివారాల్లో ఒక్కసారి కూడా రాలేదు. అది ఎసిడిటీ కాదండి, భయం.

అలాగని పొద్దస్తమానం కడుపు మీదే ధ్యాస పెట్టమనట్లేదు. ఆందోళనలో ఉన్నప్పుడు మామూలు పేగు కదలిక కూడా జబ్బులా అనిపిస్తుంది. ఐబీఎస్ ఉన్న చాలామందికి, ఇతరులు నొప్పి అనుకోని కొద్దిపాటి ఒత్తిడే నొప్పిగా తెలుస్తుంది. ఎక్కువ వినడం వేరు, సరిగ్గా అర్థం చేసుకోవడం వేరు. అందుకే ఎక్కడ నొప్పి అన్నదానితో పాటు ఎప్పుడు, ఏం చేస్తుండగా, ఇంకేం కనిపించింది అన్నవి కూడా రాసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం రాసుకుంటూ కూర్చోకండి. ఛాతీలో గానీ పొట్ట పైభాగంలో గానీ బిగపట్టినట్టు ఉండి, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో లాగడం ఉంటే, గ్యాస్ అని మనకి మనం తేల్చేయొద్దు. 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీయించండి. గ్యాస్ అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు.

ఆ రోజు నాన్న తన కడుపు మాట విన్నారు. అమ్మ నాన్న మొహం చూసింది. అమ్మ చూసింది కాబట్టి ఈ ఎపిసోడ్ ఇలా చెప్పగలుగుతున్నాను.

వచ్చే వారం కలుద్దాం. ఉంటానండి.